శిఖం భూమిలో మా పడుగు

జాగ చూడడానికి వెళ్ళిన రోజు బాపు చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచాడు. ఎక్కడా కాలికి ఎత్తు తగల్లేదు, పల్లం తగల్లేదు. వెనక్కి వచ్చి మా పక్కింటి కాకతో, "పడుగు సాపితే ఒక్క పోగు గూడ కుంగది" అన్నాడు. కాక కూడా చెప్పులు విప్పాడు. ఇద్దరూ కలిసి మళ్ళీ నడిచారు. అమ్మేవాడు పక్కన నిలబడి బీడీ కాలుస్తూ వీళ్ళను చూస్తున్నాడు. బావి తవ్వితే నీళ్ళు ఎంత లోతున పడతాయి, ఊళ్ళోకి దారి ఎటు నుంచి, ఇంతకుముందు ఈ నేలలో ఏం పండేది, ఇవేవీ ఆ రోజు ఎవరూ అడగలేదు. ఎంత పొడుగు అని మాత్రం బాపు అడిగాడు.

నేను, అవ్వ, అంటే మా అమ్మ, కొంచెం దూరంలో చింతచెట్టు నీడన నిలబడి ఉన్నాం. అవ్వ అప్పటికే పొయ్యి ఏ మూలకు పెట్టాలో చూసుకుంటున్నది.

మాది కరీంనగర్ జిల్లాలో నేతవాళ్ళ ఊరు. మగ్గం ఇంట్లోనే ఉంటుంది కానీ మా పని సగం వీధిలో జరుగుతుంది. బట్టకు నిలువుగా వచ్చే దారాలన్నీ కలిపితే పడుగు. దాన్ని మగ్గానికి ఎక్కించే ముందు గంజి పట్టించి, వీధి పొడుగునా చాపి, రెండు కొసలా గుంజలకు బిగించి, ఎండ ముదరకముందే కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. తడి పడుగు ఆగదు. కాసేపు ముద్దగా వదిలేస్తే పోగులు ఒకదానికొకటి అంటుకుని, ఆ నూలంతా పాడైపోతుంది. మా వీధి మధ్యలో మలుపు ఉండేది. పొద్దున పడుగు చాపితే బండ్లవాళ్ళు తిట్టేవారు, బర్రెలు దాటేవి, గంజినీళ్ళు తన గడప ముందు పడ్డాయని ఇంటాయన గొణిగేవాడు. మేం ఉన్నది ఆయన ఇంట్లోనే, కిరాయికి. అవ్వ ఆ ఇంటికి కాపురానికి వచ్చినప్పటి నుంచీ సొంత గడప కోసమే చూస్తున్నది. బాపు మాత్రం తిన్నని వీధి కోసం చూసేవాడు. ఇద్దరి కోరికా ఒకే నేల మీద తీరేలా కనిపించింది.

అమ్మిన మనిషి ఉట్నూరు అడవుల్లో తునికాకు కాంట్రాక్టు చేసి నాలుగు డబ్బులు వెనకేసుకున్నవాడు. ఊళ్ళో అందరూ కాంట్రాక్టరు అనే అనేవారు. బేరం మాట్లాడడానికి మా ఇంటికి వచ్చి, కాళ్ళు దింపుకుని నేసే మగ్గం గుంత అంచున కూర్చున్నాడు. ఎదురుగా బాపు, కాక ఉన్నారు. నేను మంచినీళ్ళ చెంబు అతని ముందు పెట్టి తలుపు వెనక్కి వెళ్ళిపోయాను. అక్కడ నుంచి విన్నాను.

"ఇండ్ల జాగలే అన్నా. రేపటిసంది పునాది తవ్వుకో, అడ్డమచ్చేటోడు ఎవడు? గీ బిడ్డ పెండ్లి గా ఇంట్లనే చేస్తవు, చూడు."

నా పెళ్ళి మాట రావడంతో సిగ్గేసి వంటింట్లోకి పోయాను. ఆ సిగ్గు వల్లే ఆ మాటలు, వాటి వరస, అతను చెంబు కింద పెట్టిన చప్పుడు కూడా నాకు గుర్తుండిపోయాయి. బాపు, కాక పక్కపక్కనే చెరో జాగ కొన్నారు. రిజిస్ట్రీ కాగితంలో మాత్రం ఇల్లు అన్న మాట ఎక్కడా లేదు. సర్వే నంబరు, నాలుగు హద్దులు, కొలత, అంతే. బాపు వేలిముద్ర వేయలేదు, సంతకమే చేశాడు. తనకు చదువు వచ్చునన్న ధైర్యంతో కాగితం చదివి మరీ చేశాడు. కాగితంలో ఉన్నవన్నీ నిజాలే.

ఆ నేలకు కొంత దూరంలో పాత చెరువు కట్ట కనిపించేది. చెరువన్నది పేరుకే. నేను పుట్టకముందే కట్టకు గండి పడిందట. నాకు తెలిసినప్పటి నుంచి అందులో మేకలు మేసేవి. మేం పునాదికి ముగ్గు పోసి, కాక వాళ్ళవీ మావీ కలిపి రాళ్ళు తోలించుకున్న ఎండాకాలంలోనే ఒడ్డెరవాళ్ళు వచ్చి ఆ గండి పూడ్చారు. గుడిసెలు వేసుకుని చాలా రోజులు మట్టి మోశారు. అవ్వ వాళ్ళకు మజ్జిగ కూడా ఇచ్చింది, మన జాగకు పొరుగువాళ్ళు కదా అని.

వానాకాలంలో ఒక పొద్దున కాక వచ్చి రమ్మన్నాడు. మేం వెళ్ళేసరికి ముగ్గు లేదు. రాళ్ళ గుట్ట సగం నీళ్ళలో ఉంది. మరునాటికి అదీ లేదు. నీళ్ళు నిశ్చలంగా, మా జాగ ఎంత సమంగా ఉండేదో అంత సమంగా నిలబడ్డాయి. అప్పుడు అర్థమైంది నాకు, ఆ నేలను అంత చదునుగా చేసింది ఎవరో. ఏండ్ల తరబడి చెరువు తెచ్చి పరిచిన ఒండ్రు అది.

పట్వారీ దగ్గరకు పోతే ఆయన ఆశ్చర్యపోయాడు, మేం మునిగినందుకు కాదు, మాకు తెలియనందుకు. అది శిఖం భూమి. చెరువు నిండితే మునుగుతుంది, నీళ్ళు తగ్గితే పట్టా ఉన్నవాళ్ళు ఏదైనా పంట వేసుకోవచ్చు, ఇల్లు మాత్రం కట్టకూడదు. ఊళ్ళో నాగలి పట్టిన ప్రతి ఇంటికీ ఈ సంగతి తెలుసట. మాకు చెప్పినవాళ్ళు లేరు, మేం అడిగినవాళ్ళూ లేరు. హోటల్ దగ్గర ఒక కాపాయన బాపును చూసి, "మగ్గం గుంతల కూసునేటోళ్ళకు నీళ్ళు యాడిదాక అస్తయో ఏమెర్క" అన్నాడని కాక వచ్చి చెప్పాడు. బాపు ఆ తర్వాత ఆ హోటల్‌కు పోలేదు.

కాంట్రాక్టరును అడగడానికి బాపు, కాక కలిసి వెళ్ళారు. అతను మంచం మీద నుంచి లేవలేదు.

"నేను మీకు భూమి అమ్మిన. భూమి ఆడనే ఉన్నది. యాడికి వోయింది? జర నీళ్ళు తగ్గనియ్యిరి, మీకే కనవడ్తది."

అతనికి అన్నీ ముందే తెలుసని ఆ తర్వాత బయటపడింది. గండి పూడ్చే మట్టిపనికి టెండరు వేసినవాళ్ళలో అతనూ ఉన్నాడు. పని వేరేవాళ్ళకు దక్కింది. చెరువు నిండబోతున్నదని తెలిసే, నిండకముందు మాకు అంటగట్టాడు.

ముందు కులపెద్దలు పిలిస్తే రాలేదు. తహసీలుకు పోతే, ఇల్లు కట్టకుండా చూడడమే మా పని, అమ్మినవాడి దగ్గర డబ్బు తెప్పించడం కాదన్నారు. పోలీసు ఠాణాలో మోసం కింద ఫిర్యాదు రాసుకుంటామన్నారు గాని, రాసుకోవడానికి మళ్ళీ రేపు రమ్మంటూనే ఉన్నారు. చివరికి కరీంనగర్‌లో ఒక ముసలి వకీలు దగ్గరకు వెళ్ళాం. నిజాం కాలంలో ఉర్దూలో వాదించి, ఇప్పుడు ఇంగ్లీషు కాగితాలతో తంటాలు పడుతున్న మనిషి. నన్నెందుకు తీసుకుపోయారంటే, కాంట్రాక్టరు మాటలు విన్నవాళ్ళలో జాగ కొననిదాన్ని నేనొక్కదాన్నే. అవ్వ ఆ రోజు బావి దగ్గర ఉంది.

వకీలు నాతో ఆ మాటలు రెండుసార్లు చెప్పించుకున్నాడు. నా పెళ్ళి మాట దగ్గర నేను ఆగిపోతే, "గది గూడ చెప్పాలె బిడ్డా. అబద్ధం కల్పించేటోళ్ళు ఇసొంటి మాట కల్పియ్యరు" అన్నాడు. తర్వాత బాపు వైపు తిరిగాడు.

వకీలు చెప్పినదంతా నేను ఇంటికి వచ్చి రాసుకున్నాను, కథల పుస్తకాల్లో కోర్టులు ఇలా ఉండవు కాబట్టి. పోలీసు కేసు గెలిస్తే వాడు జైలుకు పోవచ్చు, మన డబ్బు మన చేతికి రావాలంటే మాత్రం సివిల్ దావా వేయాలి. మోసం సంగతి తెలిసిన రోజు నుంచి మూడేళ్ళ లోపల వేయాలి. దావా విలువను బట్టి కోర్టు రుసుం కట్టాలి. అది కట్టలేకపోతే బీదవాళ్ళమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ చివరి మాటకు బాపు తల అడ్డంగా ఊపాడు. తన పేరు పక్కన బీదవాడు అని రాయించుకోవడం కంటే అవ్వ వెండి కడియాలు కుదువ పెట్టడమే నయమనుకున్నాడు. అవ్వ కూడా ఎదురు చెప్పలేదు.

"అవతలోడు ఏమంటడో ముందుగాలనే చెప్త" అన్నాడు వకీలు. "కట్ట కండ్ల ముంగట ఉన్నది, చూసుకోకుంట కొన్నది వీళ్ళ తప్పు అంటడు. దానికి జవాబు నా దగ్గర ఉన్నది. టెండరు ఏసినోడు నోరు మూసుకునుడు మోసమే. కని ఇంకొక మాట ఇనుండ్రి. మోసపోయినోనికి కానూన్ రెండు తొవ్వలు సూపెడ్తది. నాకు జాగ వద్దు, నా పైసలు నాకు ఇప్పియ్యిరనచ్చు. లేకుంటే, జాగ నేనే ఉంచుకుంట, ఇంటి జాగకు దీనికి ఎంత తేడానో గంత కట్టియ్యిరనచ్చు. మీకేం కావాలె?"

పైసలే కావాలని ఇద్దరూ అన్నారు.

"అట్లయితే ఈ దినంసంది అండ్ల కాలు వెట్టకుండ్రి. నీళ్ళు వోయినా సరే, మీది కాదన్నట్టే ఉండాలె. వాడుకున్నరంటే, ఒప్పుకున్నరంటది కోర్టు."

అయినా తన జాగ్రత్త కొద్దీ రెండో కోరికను కూడా దావా చివర రాశాడు. మొదటిది కాకపోతే ఇదన్నా ఇప్పించమని. బాపుది ఒక దావా, కాకది ఒకటి.

ఆ ఏడు నీళ్ళు మాఘం దాటినా ఉన్నాయి. ఎండలు ముదిరాక మెల్లగా వెనక్కి తగ్గాయి. పొద్దున్నే పాల కోసం అటు పోయినప్పుడు నేను దూరం నుంచి చూసేదాన్ని. రాళ్ళ గుట్ట బయటపడింది. దాని చుట్టూ నేల పగుళ్ళు మూసుకుని, కొత్త ఒండ్రుతో అంతకుముందు కంటే నునుపుగా ఆరింది. బాపు కూడా చూసి వచ్చేవాడని నాకు తెలుసు. ఇంట్లో ఆ మాట ఎత్తేవాడు కాదు.

పెండ్లిళ్ళ నెల వచ్చింది. మా వీధిలోనే ఇంటాయన అన్న కూతురి పెండ్లి. ముందురోజు బాపు పడుగుకు గంజి పట్టించి పెట్టుకున్నాడు. తెల్లారి తలుపు తీస్తే, వీధికి అడ్డంగా గుంజలు పాతి తాటాకు పందిరి వేసి ఉంది. ఈ మొదలు నుంచి ఆ మలుపు దాకా పందిరే. అడిగితే ఇంటాయన కొడుకు నవ్వి, రెండు దినాలు ఆగమన్నాడు. గంజి తాగిన పడుగు రెండు దినాలు ఆగదని అతనికి తెలియనిది కాదు. ఆ నూలు మాది కూడా కాదు, మాకు నేతకిచ్చే షావుకారుది.

బాపు కాసేపు పడుగు ముందు కూర్చున్నాడు. తర్వాత దాన్ని భుజాన వేసుకుని, గుంజలు నా చేతికి ఇచ్చి, "పా" అన్నాడు.

కాకను పిలిచాం. ఆయన అరుగు మీద నుంచి లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు. వకీలు వద్దన్నాడు కదా అని మాత్రం అన్నాడు. బాపు పడుగును రెండో భుజానికి మార్చుకుని ముందుకు నడిచాడు.

ఆ పొద్దుటి సంగతి ఎలా రాయాలో నాకు తెలియదు. మా జాగలో రెండు కొసలా గుంజలు దిగగొట్టి పడుగు బిగిస్తే, అది ఒక్కచోట కూడా వాలకుండా నేలకు సమంగా నిలబడింది. బండ్లు లేవు, ఎవరి గడపా లేదు. బాపు ఒక పక్క, నేను ఒక పక్క కుంచె పట్టి దువ్వుకుంటూ ఆ కొస దాకా పోయాం, వచ్చాం. బాపు ఏదో పాట లోలోపల పాడుకుంటున్నాడు. నేను ఆయన్ని పాడగా విన్నది అంతకుముందు ఎప్పుడో. కట్ట మీద ఒక మనిషి సైకిలు ఆపి కాసేపు చూసి వెళ్ళిపోయాడు. బాపు కూడా అతన్ని చూశాడు. దువ్వడం ఆపలేదు.

కోర్టు పేషీ వానలు మొదలయ్యాక వచ్చింది. ముందురోజు వకీలు వరండాలో కూర్చోబెట్టి అడిగాడు, జాగలోకి ఎవరన్నా పోయారా అని. బాపు లేదన్నాడు. కాక గోడ వైపు చూశాడు. నేను బాపు వెనక నిలబడి ఉన్నాను. నన్ను ఎవరూ అడగలేదు. రాత్రంతా ఇక అడగరనే అనుకుంటూ పడుకున్నాను.

బాపు సాక్ష్యం తొందరగానే అయింది. అవతలి వకీలు ఆయన్ని కట్ట కనిపించిందా లేదా అని గుచ్చి గుచ్చి అడిగాడు గాని, పడుగు సంగతి ఎత్తలేదు. ఎందుకో ఇప్పటికీ తెలియదు. ఆడపిల్ల అయితే బెదిరి అన్నీ చెబుతుందనుకున్నాడేమో.

నేను బోనులో నిలబడితే నా గొంతు నాకే వినబడలేదు. మున్సిఫ్ గారు గట్టిగా చెప్పమన్నారు. కాంట్రాక్టరు మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పాను, పెళ్ళి మాటతో సహా. వెనక ఎవరో నవ్వారు. కాంట్రాక్టరు తల దించుకున్నాడు. అంతవరకు బాగానే ఉంది. అవతలి వకీలు లేచి, ఎండాకాలంలో మీ నాయన ఆ భూమి మీద పడుగు ఆరేశాడా అని అడిగాడు.

బాపు బెంచీ మీద ఉన్నాడు. నేను అటు చూడలేదు. చూస్తే ఆయన ముఖంలో ఏదో ఒకటి చదివి దానికి తగ్గట్టు చెబుతానని భయం వేసింది.

"ఆరేసిండు" అన్నాను.

"కేసు వేసిన తర్వాతనా?"

"ఏసినంకనే."

"పక్కన ఎవరున్నారు?"

"నేనే ఉన్న. ఒక పక్క నేనే దువ్విన."

"అంటే, భూమి మీకు పనికొచ్చిందన్నమాట."

"పడుగుకు అక్కరకచ్చింది" అన్నాను. ఏదో ఒప్పుకున్నట్టు, ఇంకా ఏదో మిగిలినట్టు అనిపించి, "ఇంటికి రాలే" అని కలిపాను. మున్సిఫ్ గారు తల ఎత్తి, ఆ మాట మళ్ళీ చెప్పించి రాసుకున్నారు. నేను తెలివిగా జవాబిచ్చానని తర్వాత కొందరు అన్నారు. అందులో తెలివేమీ లేదు. మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే అది.

తీర్పు దసరా ముందు వచ్చింది. కాంట్రాక్టరు మోసం చేశాడని, ఇండ్ల జాగలని చెప్పే అమ్మాడని, కట్ట కనబడడం అతనికి సాకు కాదని కోర్టు నమ్మింది. కాకకు చేసిన అమ్మకం రద్దు చేసి, సొమ్మంతా ఖర్చులతో సహా తిరిగి ఇమ్మంది. బాపు విషయంలో మాత్రం, నిజం తెలిసిన తర్వాత, రద్దు కోరిన తర్వాత కూడా ఆ నేలను తన పనికి వాడుకున్నాడు కాబట్టి అమ్మకాన్ని రద్దు చేయలేమని, జాగ ఆయనదేనని, ఇంటి స్థలానికి శిఖం భూమికి మధ్య ఉన్న విలువ తేడా మాత్రం కాంట్రాక్టరు కట్టాలని రాశారు. వకీలు చివర రాసిన రెండో కోరికే మమ్మల్ని కాపాడింది. అదీ లేకపోతే ఉత్త చేతులతో వచ్చేవాళ్ళం.

వకీలు నా మీద కోప్పడతాడనుకున్నాను. ఆయన బాపు మీదే కోప్పడ్డాడు. "నాకు ముందుగాల్నే చెప్తే తొవ్వ ఎతుకుదును గద" అన్నాడు. వచ్చిన డబ్బుతో ఇల్లు కాదు, కొత్త జాగ కూడా రాదు. కడియాలు విడిపించుకుని, మిగిలింది పెట్టెలో పెట్టాం.

ఇంటికి వచ్చాక అవ్వ నాతో మాట్లాడడం తగ్గించింది. అన్నం పెట్టేది, పని చెప్పేది, అంతే. ఒకసారి మాత్రం, కండెలకు నూలు చుడుతున్న నా ముందు వచ్చి నిలబడి, "ఒక్క మాట కడుపుల పెట్టుకుంటే మనకు ఇల్లస్తుండె" అంది. నేను చుడుతూనే ఉన్నాను. మగ్గం గుంతలో నుంచి బాపు, "అడిగిన్రు, చెప్పింది. ఆడికి తీస్కపోయింది నేను గద" అన్నాడు. మగ్గం మళ్ళీ మొదలైంది. ఆ మాట మీద ఇంట్లో అంతకంటే పోట్లాట జరగలేదు. పోట్లాట జరిగి ఉంటే బాగుండేదని చాలా రోజులు అనుకున్నాను.

చదివిన పుస్తకాల్లో కోర్టు అంటే నిజం బయటపడే చోటు. నిజం బయటపడ్డాక మంచివాళ్ళకు మంచి జరుగుతుంది. మా విషయంలో నిజమంతా బయటపడింది. కాంట్రాక్టరుది, మాది. దేనికి ఎంత ఖరీదో అంత కట్టారు. అది అన్యాయమని నేను ఇప్పటికీ అనలేను. నువ్వు దేన్ని వదులుకుంటావని చట్టం బాపును అడిగింది. ఆయన నోటితో ఇల్లు కావాలన్నాడు, డబ్బు కావాలన్నాడు. తడి పడుగు భుజాన వేసుకుని బయల్దేరిన పొద్దున ఆయన కాళ్ళు వేరే జవాబు చెప్పాయి. నేను చేసిందల్లా ఆ రెండో జవాబును గట్టిగా చదివి వినిపించడం. అవ్వ జవాబు ఏమిటో మాత్రం ఏ కోర్టూ అడగలేదు. దావాలో ఆమె పేరే లేదు.

కాక వచ్చిన సొమ్ముతో ఊరి మెరక మీద రాతినేల కొని రెండు అర్రల ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశానికి అవ్వ వెళ్ళి, గడపకు పసుపు రాసి, అన్నం తినకుండా వచ్చేసింది. మేం ఇంకా ఆ ఇంటాయన ఇంట్లోనే ఉన్నాం.

మొన్న చలికాలంలో మంథని వైపు నుంచి మొగుడూ పెళ్ళాలు వచ్చారు, ఎవరో చెబితే మా ఇల్లు వెతుక్కుంటూ. వాళ్ళకూ ఇండ్ల జాగ అని చెప్పి వానలకు పొంగే ఒర్రె పక్క నేల అమ్మారట. బాపు షావుకారు దగ్గరకు పోయి ఇంట్లో లేడు. నేను అలవాటు చొప్పున తలుపు వెనక్కి వెళ్ళాను. అవ్వ వాళ్ళకు చాప వేసి, చాయ్ పోసి, తానే చెప్పడం మొదలుపెట్టింది. మోసం తెలిసిన దినం యాది పెట్టుకోవాలంది. పోలీసుల చుట్టూ తిరుగుతూ కూర్చోకుండా వకీలు దగ్గరకు పోవాలంది. జాగ వద్దనుకుంటే అందులో గడ్డిపోచ కూడా కోయొద్దంది. వకీలుకు ఏదీ దాచొద్దంది. అన్నీ వరసగా, తడబడకుండా చెప్పింది. ఆమె ఇన్ని రోజులు ఇవన్నీ ఇంత శ్రద్ధగా విన్నదని నాకు తెలియదు.

సాక్షులుగా ఎవరిని పెట్టాలని ఆ ఆడామె అడిగింది. అవ్వ చాయ్ గిన్నె కింద పెట్టింది. తర్వాత తలుపు వైపు చూపించింది.

"ఇంట్ల ఆడపిల్ల ఉంటే జర సోంచాయించి పెట్టుండ్రి. మాది ఉన్నదున్నట్టు చెప్పింది. మా జాగ మాకే మిగిలింది" అంది. చాప అంచు సర్దుతూ, "వాడు చేసింది మోసమని కోర్టు నమ్మింది గూడ దాని మాట మీదనే" అని, నన్ను పేరు పెట్టి పిలిచి, వచ్చినవాళ్ళ ముందు కూర్చోమంది.